చుక్క చెవులు వాల్చినప్పుడు

చెవులు వెనక్కి వాల్చినందుకు నేనొక గుర్రాన్ని కొట్టాను. వాల్చిన ప్రతిసారీ కొట్టాను. కొట్టగా కొట్టగా అది చెవులు వాల్చడం మానేసింది. మానేసిన రోజున గెలిచాననుకున్నాను. ఆ తర్వాత మా వీధిలో ఒక చిన్నపిల్ల మణికట్టు విరిగింది. ఈ సంగతి మా కాలనీలో అందరికీ తెలుసు. కానీ వాళ్ళకి తెలిసిన కథలో తప్పు గుర్రానిది. ఆ కథ ఊరంతా చెప్పింది నేనే కాబట్టి, అసలు జరిగింది చెప్పాల్సినవాణ్ణి కూడా నేనే.

గుర్రం పేరు చుక్క. పొట్టి జాతి ఆడగుర్రం. బీచ్‌లో పిల్లల్ని ఎక్కించుకుని తిప్పే రకం, జనం పోనీ అంటారు. ఎర్రమట్టి రంగు ఒళ్ళు, నుదుటి మీద తెల్లటి మచ్చ. ఆ మచ్చ చూసి మా మనవరాలు పేరు పెట్టింది.

విశాఖలో ఆర్కే బీచ్ ఎరిగినవాళ్ళకి ఈ గుర్రాల గురించి వేరే చెప్పనక్కర్లేదు. సాయంత్రం కాళీమాత గుడి దగ్గర్నుంచి కురుసుర సబ్‌మెరైన్ వరకూ జనం ఇసుకలోకి దిగుతారు. మొక్కజొన్న పొత్తులు, మురీ మిక్చర్, బెలూన్లు, వాటి మధ్య ఒంటెలు, గుర్రాలు. పిల్లాణ్ణి జీను మీద కూర్చోబెట్టి, కొంత దూరం నడిపించి తెచ్చి దింపుతారు. తల్లి ఫొటో తీసుకుంటుంది. 2020లో లాక్‌డౌన్ వచ్చి బీచ్ మూసేశాక ఆ జీవాలకి పని లేదు, వాటి మనుషులకి రాబడి లేదు. మేత కొనలేక ఒకాయన పోనీని అమ్మేస్తున్నాడని తెలిసిన మెకానిక్ ఒకడు చెప్పాడు. అప్పుడే ఉక్కు ఫ్యాక్టరీలో రిటైరై చేతిలో డబ్బులున్నాయి. అగనంపూడిలో మా ఇంటి వెనక గోడ కట్టిన ఖాళీ స్థలం ఉంది. జాలి పడి కొన్నాను. జాలితో పాటు ఇంకొకటీ ఉంది: నాకు గుర్రాల సంగతి తెలుసన్న నమ్మకం.

ఆ నమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, మా మేనమామ అనకాపల్లి స్టేషన్ దగ్గర జట్కా తోలేవాడు. చిన్నప్పుడు సెలవుల్లో ఆ బండి ముందుపలక మీద ఆయన పక్కన కూర్చునేవాణ్ణి. గుర్రానికి మనిషంటే భయం ఉండాలిరా అనేవాడు. ఆయన కొరడా ఝుళిపిస్తే చాలు, తగలకుండానే గుర్రం వేగం పెంచేది. ఆ మాటా, ఆ కొరడా చప్పుడూ నా బుర్రలో అలాగే ఉండిపోయాయి. ఆ గుర్రం ఎన్నేళ్ళు బతికింది, దాని ఒంటి మీద పుళ్ళుండేవా, ఆయన దానికి ఏం పెట్టేవాడు, ఇవేవీ నాకు గుర్తు లేవు. చిన్నప్పుడు చూసింది కొరడానే. పెద్దయ్యాక విద్య అనుకున్నదీ ఆ కొరడానే.

అమ్మినాయన అప్పగించేటప్పుడు కొన్ని జాగ్రత్తలు చెప్పాడు. "జీను ఏసీసి ఎంటనే పట్టీ బిగించీకండి బాబూ. కూసింత బిగించి, నాలుగడుగులు నడిపించి, అప్పుడు మిగతాది బిగించాల. సెవులు సూడండి. సెవులు ఎనక్కెడితే ఆగిపోండి" అన్నాడు. బేరం తగ్గించినందుకు ఏదో ఒకటి చెబుతున్నాడనుకుని తల ఊపాను. ఆ నాలుగు ముక్కల్లోనే నేను తెలుసుకోవాల్సింది చాలావరకు ఉంది. చదువుకోని మనిషి మాటని విద్యగా లెక్కపెట్టని అలవాటు నాలో ఉందని ఆ రోజు నాకు తెలియలేదు.

మొదటి నెలలు పండగలా గడిచాయి. సాయంత్రం బడి లేని పిల్లలు గేటు దగ్గర వరస కట్టేవాళ్ళు. ఒక్కొక్కణ్ణీ ఎక్కించి స్థలం చుట్టూ తిప్పేవాణ్ణి. ప్రతి పిల్లా దిగాక అనకాపల్లి బెల్లం ముక్క అరచేతిలో పెట్టి తినిపించేది. చుక్క పెదవులు అరచేతికి తగిలితే కితకితలు, నవ్వులు. కొన్నాళ్ళకి బెల్లం లేని చేతుల్ని కూడా చుక్క వెతకడం మొదలుపెట్టింది. జేబులు మూతితో పొడిచింది. ఒకడి చొక్కా అంచు పళ్ళతో పట్టుకుంది. కొరుకుడు అలవాటైందని మూతి మీద కొట్టాను. చేతిలో తిండి వస్తుందని నేర్పింది మేము, వెతికినందుకు కొట్టిందీ మేము.

తర్వాత జీను దగ్గర గొడవ మొదలైంది. జీను తీసుకుని దగ్గరికి వెళ్తే చెవులు వెనక్కి వాల్చేది. పొట్ట కింద పట్టీ బిగించేటప్పుడు మెడ తిప్పి నా మోచేతి దగ్గర గాలిలో పళ్ళు టక్కుమనిపించేది. కొరికేది కాదు. ఇప్పుడు ఆలోచిస్తే, కొరకదలచుకుంటే కొరికి ఉండేది, అందేంత దగ్గరగానే ఉన్నాను. నేను మాత్రం బెదిరిస్తోందనుకున్నాను. చెవులు వాల్చిందా, మెడ మీద ఒక దెబ్బ. పళ్ళు చూపించిందా, ఇంకో దెబ్బ. మనవరాలు అప్పుడే ఒకసారి అంది: "తాతా, జీను వేస్తే చుక్క కళ్ళు చిన్నవైపోతున్నాయి." పిల్లలు ఏవేవో ఊహించుకుంటారులే అనుకున్నాను. ఎండకి అలా పెడుతుందని చెప్పాను కూడా. అప్పుడు పొద్దు గూకుతోంది.

పిల్లలు ఎక్కాక వేరే చేష్టలు. గేటు దగ్గరికి రాగానే నిలబడిపోయి కదిలేది కాదు. గడ్డి కనబడితే తల ఒక్కసారిగా కిందికి లాగేది. పగ్గాలు పట్టుకున్న పిల్ల మెడ మీదుగా ముందుకి జారేది. గోడ వారగా నడిచి, ఎక్కినవాడి మోకాలు గోడకి రాసేది. భయపడ్డ పిల్లలు ముందుకు పొమ్మని మడమలతో పొడుస్తూనే, ఎక్కడ పరిగెడుతుందోనని పగ్గాలు వెనక్కి లాగేవాళ్ళు. రెండూ ఒకేసారి చేస్తే ఆ జీవం ఏది వినాలి? పిల్లలు ఏడిస్తే దింపేసి, చుక్కని పాకలోకి తోలి, ఉలవలు పెట్టేవాణ్ణి. గేటు దగ్గర ఆగితే పని అయిపోతుంది, ఉలవలు వస్తాయి. నా చేతులతో నేను రోజూ చెప్పిన పాఠం అది. దాన్ని శ్రద్ధగా నేర్చుకున్నందుకు చుక్కకి మొండిది అని పేరు పెట్టాను.

ఇక్కడ నేను చేసినదాన్ని రాయడం కష్టంగా ఉంది. నోటికి ముళ్ళ కళ్ళెం తగిలిస్తే ఎంత మొండి గుర్రమైనా దారికొస్తుందని ఒకరన్నారు. అడిగి సంపాదించాను. నోట్లోకి వెళ్ళే ఇనప కడ్డీ మీద పొడుచుకొచ్చిన బొడిపెలుంటాయి. గుర్రం నోట్లో ముందు పళ్ళకీ దవడ పళ్ళకీ మధ్య పళ్ళు లేని ఖాళీ ఉంటుంది, కళ్ళెం కూర్చునేది అక్కడే. అక్కడ ఎముక మీద పల్చటి పొర తప్ప కండ లేదు. ఈ సంగతి తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా, పగ్గం లాగితే చుక్క ఆగుతోంది, తల దించడం లేదు, చెవులు వాల్చడం లేదు. జీను వేస్తే కదలకుండా నిలబడుతోంది. చూడటానికొచ్చిన వాళ్ళకి ఎంత దారికి తెచ్చానో చెప్పుకున్నాను.

సంక్రాంతి సెలవుల్లో పక్కింటి వాళ్ళమ్మాయి ఎక్కింది. తొమ్మిదేళ్ళ పిల్ల. చుక్క చెవులు మామూలుగా ఉన్నాయి, పళ్ళు చూపించలేదు, ఆగలేదు. నాలుగడుగులు వేసి ఉన్నట్టుండి వీపు పైకెత్తి వెనక్కాళ్ళు విసిరింది. పిల్ల గోడ పక్కన పడింది. మణికట్టు ఎముక విరిగింది. ఆసుపత్రిలో పిల్ల తండ్రి ఏమీ అనలేదు. నేనే అన్నాను: "ముందు ఏ సూచనా లేదండీ, మోసకారి గుర్రం." ఆ రాత్రే అమ్మేద్దామని నిర్ణయించుకున్నాను.

కొంటానన్న మనిషి ఆరోగ్య పత్రం కావాలన్నాడు. అందుకోసం పశువుల డాక్టరమ్మని పిలిచాను. చుక్కకి ఏమైందో తెలుసుకుందామని పిలవలేదు. ఇది కూడా ఒప్పుకోవాలి.

ఆవిడ వచ్చి ముందు ఏమీ ముట్టుకోలేదు. దూరంగా నిలబడి కాసేపు చూసింది. పాకలో నేల మీద నమిలి ఉమ్మేసిన గడ్డి ఉండలు ఏరి చూపించింది. అవి నేనూ రోజూ చూసేవాణ్ణి, వగలమారి జీవం, మేత పారేస్తోందని చీపురుతో ఊడ్చేవాణ్ణి. తర్వాత నోరు తెరిపించి టార్చి వేసింది. గుర్రం దవడ పళ్ళు జీవితాంతం చిగురులోంచి బయటికి వస్తూనే ఉంటాయి, ఏడాదికి రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున. గడ్డి నమలడంలో అరుగుతుంటాయి. పైదవడ కిందిదానికంటే వెడల్పు కాబట్టి అరుగుదల సమంగా ఉండదు. పైపళ్ళ బయటి అంచులు బుగ్గ వైపు, కిందిపళ్ళ లోపలి అంచులు నాలుక వైపు కత్తుల్లా తేలతాయి. ఏడాదికోసారి చూపించి ఆకురాయితో రాపించాలి. చుక్క బుగ్గల లోపల రెండు పక్కలా పుళ్ళున్నాయి. కళ్ళెం కూర్చునే చోట, నేను తెచ్చిన ముళ్ళు దిగిన చోట, నల్లగా కమిలిన గాయాలు. "దీంతోనా అంకుల్ ఆపుతున్నారు?" అని ఆవిడ అడిగింది. నా నోటికి జవాబు రాలేదు.

వీపు మీద వేళ్ళతో నెమ్మదిగా నొక్కుకుంటూ వెళ్ళింది. మెడ దిగాక వీపు ఎత్తుగా ఉండే చోట నొక్కగానే చుక్క కుంగిపోయింది, చర్మం అలలు అలలుగా వణికింది. జీను తిరగేసి చూస్తే లోపల చెక్క ఒక పక్క విరిగి ఉంది. పిల్ల కూర్చున్నప్పుడల్లా ఆ విరిగిన అంచు సరిగ్గా వెన్ను మీద దిగుతోంది. పట్టీ కింద వెంట్రుకలు ఊడి పుండు మానిన మచ్చలు. పేడని నీళ్ళలో కలిపి ఉంచితే అడుగున ఇసుక తేరింది. బీచ్‌లో నేల మీద వేసిన మేతతో పాటు ఏళ్ళ తరబడి ఇసుక తిన్న జీవం, నా దగ్గర కూడా మట్టి నేల మీదే తిన్నది. ఆ ఇసుక పేగుల్లో పేరుకుంటే కడుపునొప్పి వస్తుంది. గుర్రం వాంతి చేసుకోలేదు. కడుపునొప్పి ముదిరితే గుర్రాలు చచ్చిపోతాయి.

పరీక్ష అయ్యాక ఆవిడ అడిగింది: "జీను వేసేటప్పుడు చెవులు వాల్చేదా?" వాల్చేదన్నాను. "మరి ఎప్పుడు మానేసింది?" కొట్టాక అన్నాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు.

నేను పనిచేసింది బ్లాస్ట్ ఫర్నేస్‌లో. మా ప్లాంటులో మొదటి రెండు ఫర్నేసులకి గోదావరి, కృష్ణ అని పేర్లు, తర్వాత వచ్చిన మూడోది అన్నపూర్ణ. 1992 ఆగస్టులో ప్రధాని పీవీ నరసింహారావు ప్లాంటుని జాతికి అంకితం చేసేనాటికే నేను గోదావరి మీద ఉన్నాను. ఫర్నేస్ నుంచి వచ్చే గ్యాస్‌లో ఐదోవంతుకు పైగా కార్బన్ మోనాక్సైడే. రంగు లేదు, వాసన లేదు, పీల్చినవాడికి తెలిసేలోగా కాళ్ళు చచ్చుబడతాయి. అందుకే చొక్కాకి అలారం తగిలించుకుని పైకెక్కేవాళ్ళం. అది కూస్తే పని వదిలేసి గాలి వాలు చూసుకుని దిగిపోవాలి. కూత చిరాగ్గా ఉందని దాన్ని నొక్కేసినవాడు మా ఫర్నేస్ మీద ఇంకొక షిఫ్టు చేయడు. కొత్తగా చేరిన కుర్రాళ్ళకి ఈ మాట ఏళ్ళ తరబడి చెప్పినవాణ్ణి నేను. ఇంటికొచ్చి, బతికున్న జీవం నొప్పి నొప్పి అని చెవులతో చెబుతుంటే, ఆ చెవుల్ని కొట్టి నోరు మూయించాను. ఆ తర్వాత ముందు సూచన లేదని ఒక తండ్రికి చెప్పాను. సూచన ఉంది. దాన్ని తీసేసింది నేను.

గుర్రం వేటాడబడే జీవి. గాయపడినట్టు కనబడితే పులికి మొదటి ముద్ద అదే. అందుకని నొప్పిని దాచుకోవడం వాటి పుట్టుకలోనే ఉంది. ఎంత దాచుకున్నా బయటపడే చిన్న గుర్తులుంటాయి: చెవులు, కంటి చుట్టూ బిగిసే కండ, తోక విదిలింపు, నోరు తెరవడం, తల ఎగరేయడం. ఇంగ్లాండులో స్యూ డైసన్ అనే గుర్రాల వైద్యురాలు స్వారీలో ఉన్న గుర్రంలో గమనించాల్సిన చేష్టల్ని 24గా పట్టిక కట్టి 2018లో ప్రచురించింది. వాటిలో ఎనిమిదో అంతకంటే ఎక్కువో కనబడితే కండలోనో ఎముకలోనో నొప్పి ఉందని గట్టిగా అనుమానించాలి. డాక్టరమ్మ చెబితే దాన్ని చదివాను. చదువుతూ ఉంటే చుక్క చేసిన ఒక్కొక్క చేష్టా అందులో కనబడింది. మనవరాలు చూసిన చిన్నవైపోయే కళ్ళూ ముఖంలో నొప్పి గుర్తుల్లో ఒకటే. ఏడేళ్ళ పిల్ల ఎవరూ నేర్పకుండా చూసింది, అరవయ్యేళ్ళ నేను చూడలేదు. ఆ పిల్లకి చుక్కతో తేల్చుకోవాల్సిన పంతం లేదు, నాకుంది. అదే తేడా అనుకుంటాను.

నేను చుక్కని చదవలేదు కానీ, గుర్రాలు మనిషిని చదువుతాయి. 1904లో బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని పేరు మోసింది. ప్రశ్న అడిగితే డెక్కతో నేల మీద తట్టి జవాబు చెప్పేది. ఆస్కర్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు 1907లో అసలు సంగతి తేల్చాడు. సరైన అంకె దగ్గరికి రాగానే అడిగినవాడి తల తనకి తెలియకుండా రవ్వంత కదులుతుంది, గుర్రం దాన్ని చూసి ఆపేస్తుంది. దానికి లెక్కలు రావని తేలాక జనం చప్పబడిపోయారట. నాకైతే అసలు విద్య అదే అనిపిస్తుంది. మనిషి తల రవ్వంత కదిలితే చదవగలిగే జీవం, జీను భుజాన వేసుకుని పళ్ళు బిగించి నడిచొచ్చే నన్ను ఎంత దూరం నుంచి చదివి ఉంటుంది! నేను పాక తలుపు తీయకముందే దానికి నొప్పి మొదలై ఉంటుంది.

మనకి ఈ విద్య లేక కాదు. విరాటుడి కొలువులో నకులుడు దామగ్రంథి పేరుతో చేరి చేసింది గుర్రాల సాకుడే. తెలుగులో మనుమంచి భట్టు గుర్రాల మీద హయలక్షణ విలాసమని ఒక కావ్యమే రాశాడు. జట్కాలు పోయాక ఇళ్ళల్లో గుర్రాన్ని ఎరిగినవాళ్ళు పోయారు. 2012 పశుగణనలో దేశంలో ఆరు లక్షలకి పైగా ఉన్న గుర్రాలూ పోనీలూ 2019 నాటికి మూడు లక్షల నలభై వేలకి పడిపోయాయి. జీవాలు తగ్గితే వాటి జీను సరిచేసేవాడు, లాడం కొట్టేవాడు, పళ్ళు రాసేవాడు కూడా తగ్గుతారు. మిగిలేది నాకు మిగిలిన కొరడా మాటలాంటి అరకొర జ్ఞాపకాలు. చుక్కని అమ్మినాయన దగ్గర అంతకంటే ఎక్కువే మిగిలి ఉంది. నేను వినలేదు.

చట్టం కూడా ఉంది. జంతువుల మీద క్రూరత్వాన్ని నివారించే 1960 చట్టం ప్రకారం పుండుతోనో జబ్బుతోనో ఉన్న జీవంతో పని చేయించడం నేరం. 1965లో దాని కింద బండి లాగే, బరువు మోసే జంతువుల కోసం నిబంధనలు చేశారు. పోనీ మీద వేసే బరువు 70 కిలోలు మించకూడదు. రోజుకి 9 గంటలు, విరామం లేకుండా 5 గంటలు మించి పని చెప్పకూడదు. వేడి 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు అసలు పని చెప్పకూడదు. ముళ్ళూ బొడిపెలూ ఉన్న కళ్ళెం వాడకూడదు. నా చిన్నప్పటి నుంచీ ఉన్న నిబంధనలివి. ముళ్ళ కళ్ళెంతో నేను చేసింది నేరం, ఎవరూ పట్టుకోలేదంతే. ఇక బరువు సంగతి: 2008లో అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీవాళ్ళు గుర్రాలకి వేర్వేరు బరువులు పెట్టి చూస్తే, ఒంటి బరువులో నాలుగోవంతు, అంతకు మించి మోసినవాటికి కండలు ఎక్కువ నొచ్చాయి. ఐదోవంతు దాటకూడదని సాధారణంగా పాటించే లెక్క. చుక్క రెండు వందల కిలోలు తూగుతుంది. అంటే జీనుతో కలిపి నలభై. నేను సరదాగా కాలేజీ కుర్రాళ్ళని కూడా ఎక్కించి ఫొటోలు తీయనిచ్చాను.

అమ్మకం మానుకున్నాను. కొనేవాడికి సంగతి చెప్పకుండా తోసేయడం ఇంకో తప్పు అవుతుంది, చెబితే వాడు కొనడు. పళ్ళు రాపించాం. కళ్ళెం తీసేసి, పుళ్ళు మానేదాకా ముఖానికి మెత్తటి తాడు మాత్రమే ఉంచాం. ఇసబ్‌గోల్ పట్టించి ఇసుక దింపించారు. మేత నేల మీద వేయడం మాని తొట్టెలో పెట్టాం. విరిగిన జీను పొయ్యిలోకి పోయింది. డెక్కలు చెక్కించడానికి మనిషిని వెతుక్కోవడానికే చాలా తిరగాల్సి వచ్చింది, చివరికి బీచ్‌లో గుర్రాలు తిప్పేవాళ్ళే దారి చూపించారు. ఆరేడు వారాలకోసారి చెక్కించాలట. వీపు మానేదాకా ఎవరూ ఎక్కలేదు.

నొప్పి పోయినంత మాత్రాన అలవాట్లు పోలేదు. ఇది చాలామందికి తెలియదు, అందుకని వివరంగా చెబుతున్నాను. పుండు మానినా జీను కనబడితే చుక్క ఒళ్ళు బిగించేది. అమ్మినాయన కొడుకుని బతిమాలి పిలిపించుకున్నాను. బక్కపలచటి కుర్రాడు. జీను చూపించి, చుక్క ఒళ్ళు బిగించిందంటే అక్కడే ఆగేవాడు. ఒళ్ళు మళ్ళీ వదులయ్యాక జీను దించి పక్కన పెట్టేసేవాడు, ఆ పూటకి అంతే. రోజులు గడిచాక జీను వీపు తాకింది, ఇంకా కొన్నాళ్ళకి పట్టీ వదులుగా పడింది. గేటు దగ్గర ఆగితే కొట్టలేదు, దిగనూ లేదు. కాళ్ళతో మెల్లగా అదిమేవాడు. చుక్క ఒక్క అడుగు వేసిందా, ఆ క్షణమే అదిమింది వదిలేసేవాడు. ఎంత బలంగా అదిమామన్నది కాదు, ఎంత తొందరగా వదిలామన్నదే గుర్రానికి అర్థమవుతుందని ఆ కుర్రాడి దగ్గర నేర్చుకున్నాను. గడ్డికి తల లాగకుండా జీనుకీ తలకట్టుకీ మధ్య ఒక వదులు తాడు కట్టాడు. నిలబడితే ఊరుకుంటుంది, మరీ కిందికి వంగితేనే అడ్డు పడుతుంది. చుక్క బాగా నడిచినప్పుడే దింపేవాళ్ళం, మొరాయించినప్పుడు ఎప్పుడూ దింపలేదు. బెల్లం చేతిలో పెట్టడం మానేశాం. పెట్టదలచుకుంటే తొట్టెలో వేయాలి.

పిల్లలకి కూడా కొత్త పద్ధతి. ఎక్కే ముందు చుక్క చెవులు ఎటున్నాయో వాళ్ళే నాకు చెప్పాలి. వెనక్కి ఉంటే ఆ రోజు స్వారీ లేదు, బ్రష్‌తో దువ్వడమే. ఏ పిల్లా దీనికి పేచీ పెట్టలేదు. పేచీలన్నీ పెద్దవాళ్ళవే: ఇంత దూరం వచ్చాం కదా, ఒక్క రౌండు తిప్పండి, కాస్త కొడితే పోతుంది. ఆ మాటలు ఒకప్పుడు నేనన్నవే కాబట్టి నాకు కోపం రాదు. తిప్పనని మాత్రం చెబుతాను.

చెవులు మళ్ళీ వాల్చడం మొదలుపెట్టడానికి చుక్కకి చాలా కాలం పట్టింది. మొదటిసారి వాల్చినప్పుడు కుర్రాడు సంతోషంతో కేక వేశాడు: "సెప్తాంది బాబూ, సెప్తాంది!" ఇంకా నన్ను పూర్తిగా నమ్మదు. సస్సెక్స్ విశ్వవిద్యాలయంవాళ్ళు 2018లో చేసిన ఒక ప్రయోగంలో, ఒక మనిషి కోపంగా ఉన్న ఫొటో చూసిన గుర్రాలు కొన్ని గంటల తర్వాత ఆ మనిషే మామూలు ముఖంతో ఎదురైనా ఎడమ కంటితో ఎక్కువసేపు చూశాయి. జంకు కలిగించేదాన్ని గుర్రాలు అటు నుంచే చూస్తాయట. వాటికి చూపించింది ఫొటో. చుక్క చూసింది నన్ను, నా చేతిని. నేను చెయ్యి ఎత్తి తల గోక్కున్నా ఈనాటికీ ఉలిక్కిపడుతుంది. జీను నేను వేయను, కుర్రాడే వేస్తాడు.

పక్కింటివాళ్ళకి వెళ్ళి అంతా చెప్పాను. పిల్ల తండ్రి విని, చాలాసేపటికి, "ముందే డాక్టర్ని పిలవాల్సింది మాస్టారూ" అన్నాడు. పిలవాల్సింది. వాళ్ళమ్మాయి మళ్ళీ ఎక్కలేదు, ఎక్కమని నేను అడగలేదు.

బీచ్‌లో గుర్రాలు తిప్పేవాళ్ళని తిట్టడానికి ఇది రాయడం లేదు. వాళ్ళలో చాలామందికి నాకున్నంత డబ్బు లేదు, నాకంటే ఎక్కువ తెలుసు. జీవానికి వైద్యం చేయించాలంటే రోజు కూలి పోతుంది. పశుసంవర్ధక శాఖ నెలకొక పూట ఆర్కే బీచ్‌కి వచ్చి ఆ గుర్రాల నోళ్ళూ వీపులూ డెక్కలూ చూస్తే, ముళ్ళ కళ్ళేలు తీసుకుని మామూలువి ఇస్తే, ఖర్చు పెద్దగా కాదు. నగరపాలక సంస్థ జీవీఎంసీ తలుచుకుంటే నీళ్ళ తొట్టె, నీడ ఒక వారంలో పని. ఈ రెండూ అడుగుతున్నాను.

తల్లిదండ్రుల్ని ఇంకొకటి అడుగుతున్నాను. బిడ్డని ఎక్కించే ముందు ఒక్క నిమిషం గుర్రం ముందు నిలబడండి. పెదవుల మూలలు చూడండి, పుళ్ళుంటాయేమో. పొట్ట పట్టీ కింద చూడండి. కళ్ళెం కడ్డీ మీద ముళ్ళున్నాయేమో చూపించమనండి. బిడ్డతో పాటు మీరు కూడా ఎక్కకండి, ఎర్రటి ఎండలో ఎక్కించకండి. చెవులు వెనక్కి వాలి ఉంటే, స్వారీ డబ్బులు ఆ మనిషి చేతిలో పెట్టేసి, బిడ్డని తీసుకుని ముందుకి నడవండి.